జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (1892 నవంబరు 5 - 1964 డిసెంబరు 1) ప్రముఖ జన్యుశాస్త్రవేత్త, జీవరసాయన శాస్త్రవేత్త, పరిణామ సిద్ధాంతకర్త. ఇంగ్లండులో జన్మించి, జీవిత చరమాంకంలో భారతీయ పౌరసత్వం స్వీకరించి, భువనేశ్వర్‌లో మరణించాడు. రోనాల్డ్ ఫిషర్, సీవాల్ రైట్‌లతో పాటు జనాభా జన్యుశాస్త్రానికి పునాదులు వేసిన ముగ్గురిలో ఈయన ఒకడు. భూమిపై జీవం నిర్జీవ రసాయనాల నుండి ఎలా ఆవిర్భవించి ఉండవచ్చునో 1929లో ఒక పరికల్పన ప్రతిపాదించాడు. పరిణామ సిద్ధాంతం తప్పని తేలాలంటే ప్రకృతిలో ఏమి కనిపించాలో కూడా ఈయన చెప్పాడు. ఆ సందర్భంలో చక్రం, అయస్కాంతం అనే రెండింటిని ఉదాహరణలుగా పేర్కొన్నాడు. ఈయన మరణించిన సుమారు పదకొండేళ్ళ కాలంలోనే ఆ రెండూ బాక్టీరియాలో బయటపడ్డాయి. బాక్టీరియాలోని సంక్లిష్టమైన అణునిర్మాణాలు ఎలా పరిణమించాయన్న చర్చలో ఈయన పేరు నేటికీ ప్రస్తావనకు రావడానికి ఇది ఒక కారణం.

బాల్యం, కుటుంబం

హాల్డేన్ 1892, నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై విశేష పరిశోధనలు చేసిన శరీరధర్మ శాస్త్రవేత్త. తల్లి లూయిసా కాథ్లీన్ ట్రాటర్. చెల్లెలు నవోమి మిచిసన్ తరువాతి కాలంలో ప్రసిద్ధ రచయిత్రి అయింది.

తండ్రి బొగ్గు గనులలోని విషవాయువులను, నీటి అడుగున పనిచేసే గజ ఈతగాళ్ళపై పీడన ప్రభావాన్ని పరిశీలించేవాడు. ఆ పరిశోధనలకు తన శరీరాన్నే పరికరంగా వాడుకొనేవాడు. కుమారుని కూడా చిన్నతనం నుండే వెంట తీసుకొని వెళ్ళేవాడు. ఒకసారి గనిలో మీథేన్ వాయువు పేరుకొన్న చోట బాలుని నిలబెట్టి షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని చదివించాడు. కొంతసేపటికి బాలునికి ఊపిరాడక కాళ్ళు తడబడి కూలబడ్డాడు. నేలకు దగ్గరగా పడగానే గాలి మామూలుగా ఆడింది. మీథేన్ గాలి కంటే తేలికైనదనీ, పైభాగంలోనే చేరుతుందనీ ఆ విధంగా నేర్చుకున్నాడు. శాస్త్రవేత్త తన శరీరంపైనే ప్రయోగం చేసుకోవాలన్న ఈ కుటుంబ సంప్రదాయాన్ని హాల్డేన్ జీవితాంతం పాటించాడు.

మెండెల్ సూత్రాలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చిన కొద్దికాలానికే, వాటిపై ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన ఒక ఉపన్యాసానికి తండ్రి ఈయనను తీసుకొని వెళ్ళాడు. జన్యుశాస్త్రంపై ఆసక్తి అప్పుడే మొదలైంది. తరువాత కొన్నేళ్ళకు అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఇంటివద్దనే గినీ పందులను పెంచి లక్షణాల సంక్రమణను పరిశీలించసాగారు.

విద్య, యుద్ధం

ఈటన్ పాఠశాలలోనూ, ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలోనూ చదువుకున్నాడు. విశ్వవిద్యాలయంలో మొదట గణితంలోనూ, ఆపై 1914లో గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్త్వశాస్త్రంలోనూ ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. విజ్ఞానశాస్త్రంలో ఈయనకు ఎటువంటి పట్టా లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్లాక్ వాచ్ దళంలో అధికారిగా ఫ్రాన్సులోనూ, మెసొపొటేమియాలోనూ పనిచేశాడు. రెండుచోట్లా గాయపడ్డాడు. 1915లో జర్మనీ సైన్యం విషవాయువును ప్రయోగించినపుడు, తండ్రితో కలిసి క్లోరిన్ వాయువు నింపిన గదిలో కూర్చుని ముఖతొడుగులను పరీక్షించాడు. అదే సంవత్సరం ఎలుకలలో రెండు లక్షణాలు కలిసికట్టుగా సంక్రమించడాన్ని గురించి చెల్లెలితోనూ, మిత్రుడు స్ప్రంట్‌తోనూ కలిసి ఒక పత్రం ప్రచురించాడు. ఆ పత్రం వెలువడే నాటికే స్ప్రంట్ యుద్ధంలో మరణించాడు. మెసొపొటేమియాలో గాయపడిన తరువాత చికిత్స, విశ్రాంతి కొరకు హాల్డేన్‌ను భారతదేశానికి పంపారు. ఈ దేశంపై అభిమానం ఏర్పడింది అప్పుడే.

కేంబ్రిడ్జ్ - ఎంజైముల అధ్యయనం

యుద్ధానంతరం 1919 నుండి న్యూ కాలేజీలో శరీరధర్మశాస్త్రం బోధించాడు. 1923లో ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్ అధ్వర్యంలోని కేంబ్రిడ్జ్ జీవరసాయన శాస్త్ర విభాగంలో రీడరుగా చేరి, 1932 వరకు అక్కడే ఉన్నాడు. 1925లో జార్జ్ బ్రిగ్స్‌తో కలిసి ఎంజైముల చర్యావేగానికి ఒక గణిత సమీకరణాన్ని రూపొందించాడు. దీనిని బ్రిగ్స్ - హాల్డేన్ సమీకరణం అంటారు. ఎంజైమూ, అది పనిచేసే పదార్థమూ కలిసి ఏర్పడే మధ్యస్థ సంయోగం యొక్క గాఢత చర్య సాగుతున్నంతసేపు ఇంచుమించు స్థిరంగా ఉంటుందన్నది దీనికి ఆధారమైన ఊహ. జీవరసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఈ సమీకరణం నేటికీ చోటుచేసుకుంటున్నది.

1930లో ఎంజైములపై ఒక గ్రంథం ప్రచురించాడు. ఎంజైము తాను పట్టుకొన్న అణువును కొద్దిగా వంచి, ఒత్తిడికి గురిచేసి, రసాయన చర్యను సులభతరం చేస్తుందని అందులో సూచించాడు. ఎంజైములు ప్రోటీన్లే అన్న విషయంపై కూడా అప్పటికి ఏకాభిప్రాయం లేదు. జీవకణంలోని యంత్రాంగాన్ని అణువుల స్థాయిలో ఆలోచించడం, జీవుల గుంపులలో మార్పులను గణితంతో లెక్కించడం - ఈ రెండు నైపుణ్యాలూ ఒకే వ్యక్తిలో ఉండటం ఆ రోజులలో అరుదు.

ప్రకృతి వరణానికి గణితం

డార్విన్ ప్రతిపాదించిన ప్రకృతి వరణం నిజంగా పరిణామానికి సరిపోయేంత వేగంగా పనిచేయగలదా అన్న సందేహం 20వ శతాబ్దం తొలినాళ్ళలో చాలామంది శాస్త్రవేత్తలకు ఉండేది. దీనికి సమాధానంగా హాల్డేన్ 1924 నుండి వరుసగా కొన్ని గణిత పత్రాలు ప్రచురించాడు. వీటిలో మొదటిదానిలోనే మాంచెస్టర్ ప్రాంతపు చిమ్మటలను ఉదాహరణగా తీసుకున్నాడు. అక్కడ 1848లో మొదటిసారిగా గుర్తింపబడిన నల్లరంగు చిమ్మటలు, సుమారు 50 ఏళ్ళలో లేతరంగు చిమ్మటలను దాదాపుగా తొలగించివేశాయి. ఇంత వేగంగా మార్పు జరగాలంటే నల్ల చిమ్మటలు లేతరంగు వాటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని లెక్కగట్టాడు. అంతటి బలమైన వరణం ప్రకృతిలో ఉంటుందని అప్పట్లో కొద్దిమందే నమ్మారు. 1950లలో బెర్నార్డ్ కెటిల్‌వెల్ జరిపిన క్షేత్ర ప్రయోగాలు ఈ అంచనాకు బలం చేకూర్చాయి.

ఈ కృషి సారాంశాన్ని 1932లో పరిణామ కారణాలపై వెలువరించిన గ్రంథంలో సమకూర్చాడు. అదే సంవత్సరం రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికైనాడు. 1933లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ఆచార్యునిగా చేరాడు. మానవ జన్యువులో ఉత్పరివర్తనలు ఎంత తరచుగా కలుగుతాయో హీమోఫిలియా వ్యాధి ఆధారంగా 1935లో అంచనా వేశాడు. హీమోఫిలియా, వర్ణాంధత్వం జన్యువుల సహలగ్నతను 1937లో జూలియా బెల్‌తో కలిసి నిరూపించాడు. మలేరియా ఉన్న ప్రాంతాలలో థలసీమియా అధికంగా ఉండటానికి ఆ వ్యాధి జన్యువు మలేరియా నుండి కొంత రక్షణ ఇవ్వడమే కారణం కావచ్చునని 1949లో సూచించాడు. అంటురోగాలు కూడా పరిణామాన్ని నడిపించే శక్తి అన్న భావన వ్యాపించడానికి ఈ సూచన తోడ్పడింది.

జీవావిర్భావ పరికల్పన

1929లో జీవం పుట్టుకపై హాల్డేన్ ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. ఆదిమ భూమి వాతావరణంలో ఆక్సిజన్ లేదా దాదాపుగా లేదనీ, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా, నీటిఆవిరి ఉండేవనీ ఊహించాడు. ఆక్సిజన్ లేనందున ఓజోన్ పొర లేక, సూర్యుని అతినీలలోహిత కిరణాలు నేరుగా సముద్రాన్ని తాకేవి. వాటి శక్తితో చక్కెరలు, ప్రోటీన్లకు మూలమైన పదార్థాలు ఏర్పడి, వాటిని తినే జీవులేవీ లేకపోవడంతో సముద్రంలో పోగుపడుతూ వచ్చి, చివరకు సముద్రం వేడిగా, పలుచగా ఉండే ఒక రసం వలె తయారైందని ఈ పరికల్పన. తమవంటి వాటిని తామే తయారుచేసుకోగల పెద్ద అణువులు ఆ రసంలో ఏర్పడి, తరువాత నూనె వంటి పొరలో బంధింపబడి తొలి కణాలుగా మారి ఉండవచ్చునని భావించాడు.

ఈ వాదనలో బాక్టీరియాపై దాడిచేసే ఫేజ్ వైరస్‌లకు ముఖ్యస్థానం ఉంది. 1917లో ఫెలిక్స్ డి'హెరెల్ వివరించిన ఈ వైరస్‌లు జీవానికీ, నిర్జీవానికీ మధ్య ఒక మెట్టును సూచిస్తున్నాయని హాల్డేన్ భావించాడు. జీవం, నిర్జీవం మధ్య దాటరాని గోడ ఏదీ లేదనీ, సంక్లిష్టత మెట్లుమెట్లుగా పెరిగిందనీ ఈయన అభిప్రాయం.

రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఒపారిన్ 1924లోనే ఇటువంటి భావాన్ని రష్యన్ భాషలో ప్రకటించి ఉన్నాడు. ఇరువురూ విడివిడిగా ఒకే ఆలోచనకు రావడం వలన దీనిని ఒపారిన్ - హాల్డేన్ పరికల్పన అంటారు. 1953లో స్టాన్లీ మిల్లర్, హెరాల్డ్ యూరీ పర్యవేక్షణలో, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటిఆవిరి మిశ్రమంలో విద్యుత్ మెరుపులు పుట్టించి ఎమినో ఆమ్లాలు ఏర్పడటాన్ని చూపాడు. ఆదిమ వాతావరణంలో ఏయే వాయువులు ఉండేవన్న విషయంపై శాస్త్రవేత్తల అభిప్రాయాలు తరువాత మారినప్పటికీ, జీవావిర్భావాన్ని ప్రయోగశాలలో పరీక్షించవచ్చునన్న దారి ఈ పరికల్పనతోనే తెరుచుకుంది.

హాల్డేన్, ఒపారిన్ 1963లో అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగిన ఒక సదస్సులో కలుసుకున్నారు. ఈ ఆలోచనలో ఒపారిన్‌దే ముందడుగని హాల్డేన్ అక్కడ అంగీకరించాడు. అదే సదస్సుకు సమర్పించిన పత్రంలో, తొలి జీవికి కనీసం ఎంత సమాచారం అవసరమన్న ప్రశ్నను పరిశీలించి, ఒక ఎంజైమును నిర్దేశించే ఒకే ఒక ఆర్ఎన్ఏ జన్యువు కూడా సరిపోయి ఉండవచ్చునని సూచించాడు.

స్వీయ ప్రయోగాలు

రక్తంలో ఆమ్లగుణం పెరిగితే శ్వాస ఎలా మారుతుందో తెలుసుకోవడానికి హాల్డేన్ అమ్మోనియం క్లోరైడును నీటిలో కలిపి త్రాగి, రోజుల తరబడి ఆయాసపడ్డాడు. 1939 జూన్‌లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించగా, కార్మిక సంఘాల తరపున ఆ ప్రమాదాన్ని పరిశీలించాడు. తరువాత బ్రిటిష్ నౌకాదళం కొరకు అధిక పీడనం గల గదులలో తానూ, తన సహచరులూ కూర్చుని ఆక్సిజన్, బొగ్గుపులుసు వాయువుల ప్రభావాన్ని పరీక్షించారు. ఈ ప్రయోగాలలో మూర్ఛలు వచ్చి ఈయన వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి జీవితాంతం వీడలేదు.

రాజకీయాలు

స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో రిపబ్లికన్ పక్షానికి విషవాయువుల నుండి రక్షణపై సలహాలు ఇచ్చాడు. 1937 నుండి డైలీ వర్కర్ పత్రికలో సామాన్య పాఠకుల కొరకు విజ్ఞానశాస్త్ర వ్యాసాలు వ్రాశాడు. 1942లో బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీలో సభ్యునిగా చేరాడు.

సోవియట్ రష్యాలో లైసెంకో వర్గం మెండెల్ జన్యుశాస్త్రాన్ని నిషేధింపజేసినపుడు హాల్డేన్ ఇరకాటంలో పడ్డాడు. 1928లో ఈయనను రష్యాకు ఆహ్వానించిన జన్యుశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1940లో నిర్బంధింపబడి, 1943లో జైలులోనే మరణించాడు. ఇంత జరిగినా హాల్డేన్ చాలాకాలం లైసెంకోను బహిరంగంగా ఖండించలేదు. తాను జీవితాన్ని ధారపోసిన శాస్త్రం పక్షాన గట్టిగా నిలబడలేకపోయాడన్న విమర్శకు ఇది కారణమైంది. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు.

చక్రం, అయస్కాంతం

పరిణామ సిద్ధాంతాన్ని వ్యతిరేకించేవారితో హాల్డేన్ తరచుగా వాదోపవాదాలు జరిపేవాడు. భారతదేశంలో సివిల్ సర్వీసు అధికారిగా పనిచేసి, ఇక్కడి పక్షులపై గ్రంథాలు వ్రాసిన డగ్లస్ డ్యూవార్ అటువంటివారిలో ఒకడు. డ్యూవార్, అతని సహచరుడు మెర్సన్ డేవిస్ ఒకవైపు, హాల్డేన్ మరొకవైపు జరిపిన చర్చ 1949లో పుస్తకంగా వెలువడింది.

ఆ చర్చలో హాల్డేన్ ఒక సాహసం చేశాడు. ప్రకృతి వరణం చిన్నచిన్న మార్పులను పోగుచేస్తుంది. ప్రతి మెట్టూ జీవికి ఏదో ఒక ఉపయోగం కలిగించాలి. కాబట్టి ఇంచుమించు పూర్తిగా తయారైతే తప్ప ఎందుకూ పనికిరాని పరికరాలు జీవులలో ఉండరాదు. చక్రం, అయస్కాంతం అటువంటివని ఆయన భావించాడు. సగం చక్రం దొర్లదు. బలహీనమైన అయస్కాంతం దిక్కు చూపదు. జీవులలో ఇవి కనిపించకపోవడం పరిణామ సిద్ధాంతం చెప్పేదానికి అనుగుణంగానే ఉందని ఆయన వాదం. సిద్ధాంతం ఏమి జరుగుతుందో చెప్పడంతో పాటు ఏమి జరగదో కూడా చెప్పాలన్నది దీనిలోని అంతరార్థం.

అప్పటికి తెలిసిన జీవులన్నింటికీ ఈ మాట వర్తించింది. బాక్టీరియా ఈదడానికి ఉపయోగపడే సన్నని పోగులను, అనగా కశాభాలను, అప్పటికే సూక్ష్మదర్శినిలో చూశారు. కాని అవి కొరడా వలె ఊగుతాయనో, అల వలె వంగుతాయనో తలచేవారు.

బాక్టీరియాలో చక్రం

1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ బాక్టీరియా కశాభం వంగదనీ, మొదలు వద్ద గిర్రున తిరుగుతుందనీ వాదించారు. 1974లో మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ కశాభాన్ని గాజుపలకకు అతికించి చూడగా, పోగు కదలకుండా బాక్టీరియా దేహమే చుట్టూ తిరిగింది. దీనితో సందేహం తీరిపోయింది. కణపు పొరలో ఇమిడి ఉన్న వలయాలు, వాటిని తిప్పే స్థిరభాగాలు, ఇరుసు వంటి కడ్డీ, కొక్కెం, బయటకు పొడుచుకొని వచ్చిన మరవంటి పొడవాటి పోగు - ఇవి కశాభంలోని ముఖ్యభాగాలు. కణపు పొర గుండా లోపలికి ప్రవహించే ప్రోటానులు, కొన్ని జాతులలో సోడియం అయానులు, దీనిని తిప్పుతాయి. సెకనుకు 100కు మించిన చుట్లు తిరగగలదు. దీని నిర్మాణానికి, నియంత్రణకు ఎశ్చరీషియా కోలైలో 40కి పైగా జన్యువులు అవసరం.

కణాలకు శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము కూడా తిరిగే యంత్రమేనని 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రత్యక్షంగా చూపించారు. ఇది బాక్టీరియా మొదలు మనుషుల వరకు అన్ని జీవులలోనూ ఉంది. హాల్డేన్ లేదనుకున్న చక్రం ఆయన శరీరంలోని ప్రతి కణజాలంలోనూ తిరుగుతూనే ఉన్నదన్నమాట.

బాక్టీరియాలో అయస్కాంతం

1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అయస్కాంత క్షేత్రాన్ని అనుసరించి ఈదే బాక్టీరియాను వర్ణించాడు. అమెరికాలోని మసాచుసెట్స్ తీరపు బురదనుండి సేకరించిన నమూనాలలో ఇవి కనిపించాయి. ఇటలీ శాస్త్రవేత్త సాల్వతోరె బెల్లిని 1963లోనే ఇటువంటివాటిని గమనించినా, ఆయన కృషి అప్పట్లో ప్రచారం పొందలేదు. ఈ బాక్టీరియాలో పొరతో చుట్టబడిన మాగ్నటైట్ వంటి స్ఫటికాలు దండలో పూసల వలె వరుసగా అమరి ఉంటాయి. ఒక్కొక్క స్ఫటికం సుమారు 35 నుండి 120 నానోమీటర్ల పరిమాణంలో ఉంటుంది. ఈ దండ దిక్సూచి ముల్లు వలె భూమి అయస్కాంత క్షేత్రానికి అనుగుణంగా కణాన్ని తిప్పుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురద పొరలకు దారి వెతుక్కోవడంలో ఇది బాక్టీరియాకు తోడ్పడుతుంది.

సంక్లిష్ట నిర్మాణాల పరిణామం

హాల్డేన్ లేవని చెప్పిన రెండూ దొరకడంతో, పరిణామ సిద్ధాంతం ఆయన పెట్టిన పరీక్షలోనే విఫలమైందని కొందరు వాదించారు. 1996లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ, ఒక్క భాగం తీసివేసినా పనిచేయని యంత్రాలు క్రమపరిణామం వలన ఏర్పడలేవని ఒక గ్రంథంలో పేర్కొని, బాక్టీరియా కశాభాన్ని ముఖ్య ఉదాహరణగా చూపాడు. 2005లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ పాఠశాలల కేసులో ఈ విషయం న్యాయస్థానం వరకు వెళ్ళింది. కశాభంలోని కొంతభాగం వేరే పని చేయగలదని జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ అక్కడ సాక్ష్యమిచ్చాడు. బీహీ పక్షం బోధింపజూచినది విజ్ఞానశాస్త్రం కాదని 2005 డిసెంబరు 20న తీర్పు వెలువడింది.

హాల్డేన్ తర్కంలో రెండు భాగాలున్నాయి. సగం తయారైన దశలో ఎందుకూ పనికిరానిది పరిణమించదన్నది మొదటిది. చక్రం, అయస్కాంతం అటువంటివన్నది రెండవది. తరువాతి పరిశోధనలలో పొరపాటని తేలినది రెండవ భాగమే. సగం కశాభం ఈదడానికి పనికిరాదు. కాని వేరొక పనికి పనికివస్తుంది. ప్లేగు, టైఫాయిడ్ వంటి వ్యాధులను కలిగించే బాక్టీరియాలో సూది వంటి ఒక నిర్మాణం ఉంది. దీనిద్వారా అవి ఆతిథేయి కణాలలోకి ప్రోటీన్లను చొప్పిస్తాయి. మూడవ తరహా స్రావ వ్యవస్థ అని పిలిచే ఈ సూదికీ, కశాభం మొదలులో ఉండి పోగు ప్రోటీన్లను బయటకు పంపే భాగానికీ దగ్గరి బంధుత్వం ఉంది. నేటి సూదులు కశాభం నుండి విడివడి వచ్చినవేనని జన్యువుల పోలికలు సూచిస్తున్నాయి. కనుక సూదిని కశాభానికి పూర్వీకునిగా భావించరాదు. అయినా ఈదడంతో సంబంధం లేకుండా ఆ భాగం ఒంటరిగా ఉపయోగపడగలదని అది నిరూపిస్తున్నది.

కశాభంలోని ఇతర భాగాలకు కూడా కణంలో బంధువులున్నారు. ప్రోటీన్ల ఎగుమతికి తోడ్పడే ఎంజైము, ఏటీపీ సింథేజ్‌లోని ఒక భాగాన్ని పోలి ఉంటుంది. మోటారును తిప్పే స్థిరభాగాలు, బయటి పొరకు శక్తిని అందించే మరికొన్ని ప్రోటీన్లకు సంబంధించినవి. కడ్డీ, కొక్కెం ప్రోటీన్లు ఒకదానినొకటి పోలి ఉండి, ఒకే మూల జన్యువు ప్రతులుగా మారి తరువాత వేరుపడినట్లు కనిపిస్తాయి. మార్క్ పాలెన్, నికొలస్ మాట్జ్‌కీ 2006లో ఈ ఆధారాలను క్రోడీకరించి, కశాభానికి తప్పనిసరి అయిన ప్రోటీన్లలో దాదాపు అన్నింటికీ ఇటువంటి బంధుత్వాలు ఉన్నాయని చూపారు. వేర్వేరు పనులకు ఏర్పడిన ముక్కలు ఒకచోట చేరి కొత్త పనికి వినియోగపడ్డాయని దీని తాత్పర్యం. ఏ ముక్క ఏ వరుసలో చేరిందన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయమే.

ఆర్కియా అనే వేరొక సూక్ష్మజీవుల వర్గంలో కూడా తిరిగే పోగులున్నాయి. కాని వాటి ప్రోటీన్లు బాక్టీరియా కశాభానికి చెందినవి కావు. ఉపరితలాలకు అంటుకోవడానికి తోడ్పడే పిలై అనే పోగులకు సంబంధించినవి. అనగా సూక్ష్మజీవులలో తిరిగే పోగు కనీసం రెండుసార్లు వేర్వేరుగా పరిణమించింది.

అయస్కాంతం విషయంలోనూ ఇదే తీరు. స్ఫటికాల దండను వరుసలో నిలిపే ప్రోటీను, కణాకృతిని నిలిపే యాక్టిన్ కుటుంబానికి చెందినది. ఇనుమును లోనికి తెచ్చే ప్రోటీన్లు, లోహ అయానులను రవాణా చేసే సామాన్య కుటుంబానికి చెందినవి. బాక్టీరియా అంత చిన్నజీవిలో కొద్ది స్ఫటికాలున్నా కణం కొంతమేరకు క్షేత్రం వైపు మొగ్గుతుంది. స్ఫటికాలు పెరిగిన కొద్దీ ఆ మొగ్గు బలపడుతుంది. కాబట్టి బలహీనమైన అయస్కాంతం కూడా పూర్తిగా నిరుపయోగం కాదు.

జీవి పరిమాణం మారితే దానికి వర్తించే భౌతిక నియమాల ప్రభావం మారిపోతుందని హాల్డేన్ స్వయంగా 1926లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. పెద్ద జంతువుకు తిరిగే చక్రం ఉంటే దానిలోకి రక్తనాళాలు, నరాలు వెళ్ళే దారి ఉండదు. బాక్టీరియాకు ఆ చిక్కు లేదు. పోగు లోపలి సన్నని గొట్టం గుండా ప్రోటీన్లు ప్రయాణించి చివరన అతుక్కుంటాయి. తాను చెప్పిన సూత్రం బాక్టీరియా స్థాయిలో తన ఉదాహరణలనే తలక్రిందులు చేయగలదని ఆయన ఊహించలేదు.

భారతదేశంలో

1956లో సూయజ్ కాలువ విషయమై బ్రిటన్ ఈజిప్టుపై జరిపిన దాడిని నిరసిస్తూ హాల్డేన్ దేశం విడిచి వెళ్ళదలచినట్లు ప్రకటించాడు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరాడు. ఇక్కడ శాకాహారం స్వీకరించి, భారతీయ దుస్తులు ధరించేవాడు. 1961లో భారత పౌరుడైనాడు.

ఖరీదైన పరికరాలు లేకుండానే, చుట్టూ ఉన్న మొక్కలను, పక్షులను, మనుషులను శ్రద్ధగా లెక్కించి మంచి పరిశోధన చేయవచ్చునని ఈయన యువకులకు బోధించాడు. సుబోధ్ కుమార్ రాయ్, టి.ఎ.డేవిస్, సురేశ్ జయకర్ ఈయన శిష్యులు. పిఠాపురానికి చెందిన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు మరొక ముఖ్య శిష్యుడు. చెవులపై వెంట్రుకలు పెరిగే లక్షణం సంక్రమణను, ఆంధ్రప్రదేశ్‌లో మేనరికపు వివాహాల జన్యు ఫలితాలను ఈయన ప్రోత్సాహంతో ద్రోణంరాజు అధ్యయనం చేశాడు. తరువాత అమెరికాలో స్థిరపడి, తన గురువు జీవితంపై గ్రంథాలు వ్రాశాడు.

గణాంక సంస్థలో విభేదాలు రావడంతో 1961లో హాల్డేన్ రాజీనామా చేశాడు. 1962లో ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ సహకారంతో భువనేశ్వర్‌లో జన్యు, జీవగణాంక ప్రయోగశాలను స్థాపించాడు.

మరణం

1964 ఆరంభంలో పురీషనాళ కాన్సరుకు లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రిలో ఉండగానే ఆ వ్యాధిని హాస్యంగా వర్ణిస్తూ ఒక కవిత వ్రాసి ప్రచురించాడు. లక్షణాలు కనిపించగానే వైద్యుని వద్దకు వెళ్ళాలని పాఠకులను ప్రేరేపించడం దాని ఉద్దేశం. బీబీసీ కొరకు తన సంస్మరణ ప్రసంగాన్ని తానే ముందుగా చిత్రీకరింపజేశాడు.

1964, డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. బ్రతికి ఉండగా ప్రయోగాలకు వాడుకున్న శరీరం మరణానంతరం కూడా ఉపయోగపడాలని కోరుతూ వ్రాసిన వీలునామా ప్రకారం, భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆయన సంపాదకత్వం వహించిన జన్యుశాస్త్ర పత్రికను హెలెన్ స్పర్వే కొనసాగించింది. ఆమె 1978లో హైదరాబాదులో మరణించింది. ఆ పత్రికను 1985 నుండి భారత విజ్ఞాన అకాడమీ ప్రచురిస్తున్నది.

ముఖ్య రచనలు

డెడాలస్ (1924) - విజ్ఞానశాస్త్ర భవిష్యత్తుపై ఉపన్యాసం
పాసిబుల్ వరల్డ్స్ (1927) - వ్యాస సంపుటి
ఎంజైమ్స్ (1930)
ది కాజెస్ ఆఫ్ ఎవల్యూషన్ (1932)
మై ఫ్రెండ్ మిస్టర్ లీకీ (1937) - బాలల కథలు
ది బయోకెమిస్ట్రీ ఆఫ్ జెనెటిక్స్ (1954)

గౌరవాలు

1932 - రాయల్ సొసైటీ సభ్యత్వం
1952 - రాయల్ సొసైటీ వారి డార్విన్ పతకం
1958 - లినియన్ సొసైటీ వారి డార్విన్-వాలెస్ పతకం
1961 - ఇటలీ దేశపు ఫెల్ట్రినెల్లి బహుమతి